విశాఖ ఇసుకతీరంలో పన్నెండు అడుగుల రాడ్డు: అన్ని కాలాల్లో వాడాక

పన్నెండు అడుగుల గాలపు రాడ్డు చేతికి రాగానే ఎవరికైనా సీసపు గుండును ఎంత దూరం విసరగలనా అనిపిస్తుంది. దూరం కోసమే అయితే మన తీరానికి ఇంత పొడవు అనవసరం. సాగర్ నగర్ నుంచి భీమిలి దాకా కొన్నేళ్లుగా ఇదే రాడ్డుతో గాలం వేస్తున్నాను. దీని పొడవు ఉపయోగపడేది విసరడానికి కాదు, ఇసుకలో పాతిన గొట్టంలో నిలబెట్టినప్పుడు విరిగే అలల పైనుంచి తీగను ఎత్తి పట్టడానికి. ఏడడుగుల రాడ్డుతో ఆ పని జరగదు. ప్రతి అల తీగను కొట్టి సీసాన్ని కదిలించేస్తుంది.

చేపలు తిరిగేది చాలావరకు ఒడ్డుకూ మొదటి ఇసుకమేటకూ మధ్య ఉన్న లోతులోనే. తెల్లటి నురగల మధ్య ముదురు రంగులో కనిపించే పట్టీ అదే. మేట తెగి నీరు లోపలికి లాగే చోటు మరీ మంచిది. ఈత కొట్టేవాళ్లు పారిపోవలసిన చోటూ అదే కనుక మోకాలు దాటి దిగకండి. చూస్తుండగానే కాళ్ల కింద ఇసుక కరిగిపోతుంది.

మార్చి నుంచి నైరుతి గాలి మొదలవుతుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి సముద్రానికి ఎదురుగా నిలబడితే గాలి కుడి చెంపకు తగులుతుంది, ఒడ్డు వెంట నీరు ఎడమకు, అంటే భీమిలి వైపు లాగుతుంది. నవంబరు దాటాక ఈ లాగుడు తిరగబడుతుంది. ఇది తెలిస్తే ఎవరికి ఏ పక్క నిలబడాలో గొడవ ఉండదు. వేసవిలో పక్కవాడికి ఎడమన నిలబడితే అతని తీగ వచ్చి మీ తీగను చుట్టుకుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఒడ్డున గాలం వేసేవారికి ఆ అడ్డు లేదు కనుక అప్పుడు తీరంలో రాడ్లు పెరుగుతాయి. ఎరకు కొనే రొయ్య ధర చూసి దిగులుపడకండి. అల వెనక్కి పోయేటప్పుడు ఇసుకలో దూరే చిన్న పీతలను చేత్తో తవ్వుకుంటే ఎరకు డబ్బు పెట్టక్కరలేదు. మే సాయంత్రాల్లో ఉరుము వినిపిస్తే మాత్రం కార్బన్ రాడ్డును వెంటనే కింద పెట్టాలి. అది విద్యుత్తును చక్కగా మోస్తుంది.

అసలు పరీక్ష వానాకాలం. తీరం కోసుకుపోయి నిటారుగా తయారవుతుంది, పాత మేటలు మాయమవుతాయి. నున్నటి గుండు 120 గ్రాములదైనా ఇసుకపై దొర్లుతూ ఒడ్డుకు వచ్చేస్తుంది. అదే బరువులో నాలుగు తీగకొక్కేలున్న సీసం కొరుక్కుని ఉంటుంది. రాడ్డు కొనగా మిగిలిన డబ్బంతా ఈ సీసాలకే పెట్టవచ్చు. నీరు బురదగా ఉన్నప్పుడు గొరకలు, జెల్లలు బాగా పడతాయి. జెల్ల వీపు ముల్లు, టేకు చేప తోక ముల్లు రెండూ విషపువే. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీటిలో ముంచి, ఆలస్యం లేకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. వానలకు గోస్తనీ నది పొంగాక భీమిలి దగ్గర అది సముద్రంలో కలిసే చోట బొంత చేపలు ఎగురుతుంటాయి. పండుగప్ప మీద ఆశ కూడా అక్కడే పెట్టుకోవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వస్తే ఇంట్లోనే ఉండండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి చెప్పనక్కరలేదు.

చలికాలంలో నీరు తేరుతుంది, అల తగ్గుతుంది. అప్పుడు ఈ రాడ్డు నిజంగానే బరువు. చిన్న చేప కొరికినట్టు కొన దాకా తెలియదు. తొమ్మిది అడుగుల తేలిక రాడ్డు, సన్నని తీగ హాయి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. రాత్రిపూట తలలైటు ఆర్పి నడవండి.

ఇక తీగ చుట్టే రీలు. కంపెనీ పేరు చెప్పను కానీ, "ఉప్పునీటికి తగినది" అని పెట్టె మీద అచ్చేశారు. తీగ తిరిగే చిన్న చక్రంలోని బేరింగు మొదటి వానాకాలానికే గరగరమంది. కడగడం ఒక్కటే దారి. బ్రేకు మరను బిగించి, సన్నటి ధారతో మంచినీళ్లు పోసి, ఆరాక వదులు చేయాలి. జోరుగా పైపు కొడితే ఉప్పును లోపలికి మీరే పంపినట్టు. అల్లిన తీగ ఇసుకను మోసుకొచ్చి రాడ్డు వలయాలను అరగదీస్తోంది. అందుకే నేను 0.35 మిల్లీమీటర్ల నైలాన్ తీగకే తిరిగి వచ్చాను. దాని ముందు రాడ్డు పొడవుకు రెట్టింపు కంటే కాస్త ఎక్కువగా లావు తీగ కట్టాలి. లేకపోతే విసిరే ఊపుకు తెగి, బరువు ఎవరి తల మీద పడుతుందో చెప్పలేం.

కొనేవారికి ఒక్క మాట. రెండు ముక్కల రాడ్డు విడదీసినా ఆరడుగులు. దాన్ని ఆటోలో అడ్డంగా పెడితే పక్కవాళ్ల ముఖాలు చూడాలి. మూడు ముక్కలది తీసుకోండి. స్కూటరుకు కట్టుకుని వెళ్లవచ్చు, విసిరే తేడా మనలాంటివారికి తెలియదు.