పాత బడికి సాయం: ఆర్చి కట్టాలా, ఎఫ్‌డీ వేయాలా, ఏటా చందా వేసుకోవాలా? ఏది మేలు?

సంక్రాంతి వస్తే చాలు మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఏ జెడ్పీ హైస్కూల్ ముందు చూసినా పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం ఫ్లెక్సీలే, సార్లకి శాలువాలు, మెమెంటోలు, మధ్యాహ్నం భోజనాలు, పాత ఫోటోలు, నాకైతే ఆ రోజంటే ప్రాణం. సాయంత్రానికి ఎవరో ఒకరు మైకు తీసుకుని మనం చదువుకున్న బడికి ఏదన్నా చేద్దాం అంటారు, అక్కడికక్కడే ఒకరు యాభై వేలు, ఇంకొకరు పదివేలు రాయిస్తారు. ఆ డబ్బులు దేనికి పెట్టాలనే మాట మాత్రం తర్వాత వాట్సాప్ గ్రూపులో నెలలకొద్దీ నడుస్తది.

మా బ్యాచ్‌లోనూ ఇప్పుడు మూడు మాటలు వినపడతా ఉండాయి. బడికి ఆర్చి కట్టిద్దాం, లేకపోతే స్టేజీ కట్టిద్దాం అని కొందరు. పది లక్షలు పోగేసి బ్యాంకులో ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) వేసి ఆ వడ్డీతో ఏటా పదో తరగతి టాపర్లకి ఇద్దామని కొందరు. అవేం వద్దు, ఏటా తలా కొంత వేసుకుని ఆ ఏడు ఎవరికి అవసరమైతే ఆ పిల్లలకే పెడదామని ఇంకొందరు. నేను మూడో వైపు. ఎందుకో చెప్తా, మీ బ్యాచ్‌లో కూడా ఇదే చర్చ నడుస్తా ఉంటే పనికొస్తది.

ముందు ఆర్చి, స్టేజీ, వస్తువుల సంగతి. దీంట్లో మంచి ఏందంటే పని కళ్ళకి కనపడుద్ది, ఒక్కసారి ఇచ్చేస్తే అయిపోద్ది, లెక్కలు అడిగేవాళ్ళు ఉండరు, దాతల పేర్లు గోడ మీద ఉంటాయి, అమెరికాలో ఉన్నోళ్ళకి ఫోటో పంపొచ్చు. పేరు ఉండాలనుకోవడం తప్పు కాదు, మా నాయన పేరుతో ఒక గది ఉంటే నాకూ సంతోషమే. కానీ ఇప్పుడు బళ్ళలో పరిస్థితి మనం చదివినప్పటిలా లేదు గదా, 2019 నుంచి నాడు-నేడు అనే గవర్నమెంటు పథకం కింద చాలా బళ్ళకి బాత్రూములు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీలు వచ్చినాయి, బ్యాగు, బూట్లు, యూనిఫాం, నోట్సులు, బెల్టు కూడా గవర్నమెంటే కిట్టుగా ఇస్తా ఉంది, 2025లో దానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని పేరు పెట్టారు. ఇంకా మనం పోయి బ్యాగులు పంచితే పిల్లోడికి రెండో బ్యాగు అయితది, అంతే.

ఇంకోటి, వస్తువు ఇచ్చిన రోజు ఖర్చు చిన్నది, దాన్ని నడిపే ఖర్చే పెద్దది. మా పక్క మండలంలో ఒక బడి వరండాలో ఆర్వో ప్లాంట్ చూశా, స్టీలు ట్యాంకు మీద దాతల పేర్లు ఇంకా చక్కగా ఉండాయి, కుళాయి మాత్రం తిప్పితే తిరగట్లా, లోపల నీళ్ళు వడకట్టే మెంబ్రేన్ ఎప్పుడో పోయింది, మార్చడానికి డబ్బులు ఎవరివో తేలక అట్టానే వదిలేశారు, పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటా ఉండారు. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు, ఆడ మంచినీళ్ళ ప్లాంట్ కంటే గొప్ప దానం లేదు, నేను ఒప్పుకుంటా. కానీ ఆడైనా ప్లాంట్‌తో పాటు ఐదేళ్ళ ఫిల్టర్ల ఖర్చు కూడా పక్కన పెట్టి ఇస్తేనే ఇచ్చినట్టు. ల్యాబ్ సామానో, లైబ్రరీ పుస్తకాలో ఇద్దామనుకుంటే ముందు హెడ్మాస్టర్‌ని అడగండి, సెంట్రల్ గవర్నమెంట్ విద్యాంజలి పోర్టల్‌లో కూడా బళ్ళు తమకి ఏం కావాలో పెడతాయి, అది చూసి ఇవ్వొచ్చు. మనకి తోచింది తీసుకుపోయి ఇవ్వడం వేరు, వాళ్ళు అడిగింది ఇవ్వడం వేరు.

ఇక ఎఫ్‌డీ. మా గ్రూపులో దీనికే ఎక్కువ మంది మొగ్గుతా ఉండారు, అసలు కదలదు, వడ్డీ ఎప్పటికీ వస్తా ఉంటది, మనం పోయినా బడికి అందుతది అని. ఆ ఆలోచనలో ఉన్న ప్రేమ నాకు అర్థమవుద్ది. కానీ లెక్క చూడండి. నలభై మంది తలా 25,000 వేస్తే పది లక్షలు, ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 65,000. అదే నలభై మంది నెలకి 300 చొప్పున వేస్తే ఏడాదికి 1,44,000, అంటే రెట్టింపు కంటే ఎక్కువ, పైగా ఒక్కసారిగా పాతిక వేలు తీయలేని మా వాళ్ళు, ఆటో తోలేవాళ్ళు, ఊళ్ళోనే సేద్యం చేసుకునేవాళ్ళు కూడా సమానంగా కలవొచ్చు. 300 చొప్పున 25,000 అవ్వాలంటే దగ్గర దగ్గర ఏడేళ్ళు పడుద్ది, ఆ ఏడేళ్ళలో పది లక్షలూ పిల్లల చేతికి చేరిపోయి ఉంటాయి, ఎఫ్‌డీలో అయితే అప్పటికి నాలుగున్నర లక్షలే చేరతాయి. అసలు మిగిలే ఉంటది గదా అంటారు, నిజమే, మిగులుతది, కానీ పదిహేనేళ్ళ తర్వాత కూడా ఏడాదికి అదే 65,000, అప్పటికి హాస్టల్ ఖర్చులు ఎంతవుతాయో ఆలోచించండి.

ఆ ఎఫ్‌డీ ఎవరి పేరు మీద అనేది ఇంకో తలనొప్పి. ఇద్దరు ముగ్గురు పేర్ల మీద జాయింటుగా వేస్తే వడ్డీ మొదటి పేరున్నాయన ఆదాయం కింద పడుద్ది, ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే టీడీఎస్ అని ముందే పన్ను కూడా కోస్తారు, రేపు ఆయనకేదన్నా అయితే వారసుల సంతకాల దగ్గర ఆగిపోద్ది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం టాపర్లకే ఇవ్వాలనే రూలు. 580 దాటిన పిల్లల్ని అందరూ చూస్తారు, ప్రైవేటు కాలేజీలోళ్ళు ఇంటికొచ్చి ఫీజు లేకుండా చేర్చుకుంటామంటారు. 400 వచ్చిన పిల్లోడి దగ్గరికి ఎవరూ రారు. మా కొండపి, టంగుటూరు వైపు పొగాకు పనులు మొదలైతే జనవరి నుంచి కొందరు పిల్లలు బడికి సరిగా రారు, అమ్మానాయనలతో ఆకు కోతకో, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికో పోతారు, ఆ మధ్యలో చదివి 400 తెచ్చుకున్న పిల్లోడు తక్కువోడా? వాడు చదువు ఆపేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

అందుకే ఏటా చందా, అది కూడా పదో తరగతి అయిపోయిన పిల్లల మీద పెట్టడం మేలంటా. బళ్ళో ఉన్నన్నాళ్ళు పుస్తకాలు, భోజనం, కిట్టు అన్నీ నడిచిపోతాయి. చదివే పిల్లల తల్లులకి గవర్నమెంటు ఏటా ఇచ్చే తల్లికి వందనం 15,000లో రెండు వేలు బడి నిర్వహణకి పోను 13,000 తల్లి ఖాతాలో పడుద్ది, అది ఇంటర్ దాకా ఉంది. పాలిటెక్నిక్‌లో చేరినోళ్ళకి అది లేదు. పది రిజల్ట్సు ఈమధ్య ఏప్రిల్ నెలాఖరుకి వస్తా ఉండాయి, జూన్‌లో చేరాలి, సరిగ్గా ఆ నడిమధ్య ఎండాకాలం కూలి పనులు దొరకవు, ఇంట్లో చేతిలో పైసా ఉండదు. అక్కడే తెగిపోతా ఉంది చదువు.

పోయినేడు మా ఊరి పిల్లోడు ఒకడికి ఒంగోలులో పాలిటెక్నిక్ సీటొచ్చింది, సీటు కాగితం పట్టుకుని వాళ్ళమ్మ మా ఇంటికొచ్చింది. ఫీజు సంగతి కాదు, హాస్టల్ మెస్‌కి ముందు కట్టాల్సింది, ట్రంకు పెట్టె, పరుపు, డ్రాయింగ్ బోర్డు, బొమ్మలు గీసే మినీ డ్రాఫ్టర్, రెండు జతల బట్టలు, ఇవన్నీ కాగితం వెనకాల రాసుకొచ్చింది, ఒక్కోదాని పక్కన ధర, కింద మొత్తం. "అన్నా, బట్టలు కొట్టేస్తాను, ఉన్నయ్యే వేసుకుంటాడు, డ్రాఫ్టర్ మాత్రం లేకపోతే క్లాసులో కూర్చోనియ్యరంట" అనింది. గ్రూపులో పేరు పెట్టకుండా విషయం చెప్తే రాత్రి లోపల డబ్బులు వచ్చేసినాయి, బట్టలతో సహా. ఆ పిల్లోడికి టాపర్ రూలు ప్రకారమైతే రూపాయి వచ్చేది కాదు.

ఇంకో లాభం, అవసరాలు మారినప్పుడల్లా మనమూ మారొచ్చు. ఆడపిల్లలకి బస్ పాస్ ఇద్దామని ఐదేళ్ళ కింద ఎవరన్నా శాశ్వత నిధి పెట్టి ఉంటే ఇవాళ దాంతో పనే లేదు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్ళకి ఉచితమే. ఇప్పుడు పాస్ కావాల్సింది మగపిల్లలకి. ఏటా కూర్చుని మాట్లాడుకునే పద్ధతైతే ఒక్క ఫోన్ కాల్‌లో మార్చుకుంటాం.

తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం వచ్చే పని ఇంకోటుంది, మన బ్యాచుల్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఎన్ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష. ఎనిమిదో తరగతిలో రాస్తారు, గవర్నమెంటు, జెడ్పీ, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకి, ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపుండాలి. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000, మొత్తం 48,000 సెంట్రల్ గవర్నమెంట్ ఇస్తది. రీజనింగ్ 90 ప్రశ్నలు, సబ్జెక్టులు 90 ప్రశ్నలు. సబ్జెక్టులు సార్లు చెప్తారు, రీజనింగ్ మాత్రం ఎవరూ చెప్పరు, ఆడే పోతా ఉంది. ఊళ్ళో బీటెక్ చేసి ఖాళీగా ఉన్న పిల్లకి నెలకి కొంత ఇచ్చి దసరా ముందు నుంచి రోజూ గంట చెప్పిస్తే, ప్రాక్టీస్ పేపర్లు కొనిస్తే, ఇద్దరికి వచ్చినా 96,000, మన ఖర్చు దాంట్లో మూడో వంతు కూడా కాదు. వచ్చినాక ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు ఉండాలి, అది గుర్తుపెట్టుకుని చేయించే మనిషి ఒకరు కావాలి.

చందా పద్ధతిలో కష్టం లేదని అనను. మొదటి మూడు నెలలు అందరూ వేస్తారు, తర్వాత గుర్తుచేసేవాడే చెడ్డోడవుతాడు. ఆటోపే పెట్టించుకోవడమో, నెలనెలా కాకుండా మే నెలలో ఒక్కసారే 3,600 వేయించుకోవడమో చేస్తే ఈ బాధ తగ్గుద్ది. ఒక ఏడు కొంతమంది ఆగిపోయినా పిల్లల చదువు మధ్యలో ఆగకుండా ఒక లక్ష దాకా వెనక నిల్వ ఉంచుకోవాలి, ఎఫ్‌డీ అంటే నేను ఒప్పుకునేది అంతవరకే.

డబ్బు ఎక్కడ పెట్టాలనే దాంట్లో ఒక్కరి సొంత ఖాతా వద్దే వద్దు, ఎంత మంచోడైనా సరే, వాడి మంచి కోసమే వద్దు. బ్యాచ్‌కొక ట్రస్టు కూడా అక్కర్లేదు, ఏటా రిటర్నులు, లెక్కలు, ఆ తిరుగుడు నలభై మందికి బరువు. బడి మొత్తానికి, అన్ని బ్యాచ్‌లూ కలిపి ఒక సొసైటీ పెట్టుకుంటే మేలు, ఏపీ సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురుంటే రిజిస్టర్ చేయొచ్చు. సొసైటీకి 80జీ గుర్తింపు వస్తే దాతలకి పన్ను తగ్గుద్దని ఊరించే వాళ్ళుంటారు, కొత్త పన్ను పద్ధతిలో ఉన్నోళ్ళకి ఆ మినహాయింపు లేదు, పాత పద్ధతిలోనైనా రెండు వేలు దాటిన క్యాష్‌కి రాదు. బయట దేశాల్లో ఉన్న మనోళ్ళ విషయంలో జాగ్రత్త: ఇండియా పాస్‌పోర్టుతో ఉన్నోళ్ళు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నోళ్ళ డబ్బు మాత్రం సొసైటీకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు, మన మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా అంతే. ముందే చెప్తే వాళ్ళు కూడా అర్థం చేసుకుంటారు.

పిల్లల్ని ఎంచడం సార్లకి వదిలేస్తే బాగుంటది, ఎవరింట్లో ఏందో వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు, మన వైపు నుంచి ఇద్దరు పోయి ఒకసారి మాట్లాడి వస్తే చాలు. ఇచ్చేటప్పుడు స్టేజీ మీద నిలబెట్టి పెద్ద చెక్కు పట్టించి ఫోటో తీయడం దయచేసి వద్దు, పదిహేనేళ్ళ పిల్ల ఆ ఫోటోతో ఊళ్ళో తిరగాలి. డబ్బు తల్లి ఖాతాకో, నేరుగా హాస్టల్‌కో పంపి, ఎంత ఖర్చయిందో పేర్లు లేకుండా గ్రూపులో పెడితే దాతలకీ తృప్తే.

మా గ్రూపులో ఇంకా ఏదీ తేలలా. ఆర్చి అన్న వాళ్ళతో నేను మాట్లాడుకున్నది ఇది: ఈ మే నెలలో చందా మొదలుపెడదాం, రెండేళ్ళు నడిపి చూద్దాం, ఆ రెండేళ్ళలో సార్లే ఆర్చి కావాలని అడిగితే దానికి వేరేగా వేసుకుందాం, నా వంతు నేనిస్తా. పదో తరగతి పిల్లల జాబితా కోసం హెడ్మాస్టర్ దగ్గరికి మార్చి రాకముందే పోవాలి, పరీక్షలు మొదలైతే ఆయనకి ఊపిరాడదు.