జాగ్రత్త: హాలోవీన్ 'క్రిప్టిక్' క్రాస్‌వర్డ్ పుస్తకం కొనే ముందు అక్షరాలు లెక్కపెట్టండి

అక్టోబర్ 31న హాలోవీన్, అంటే ఇంగ్లండ్‌లాంటి దేశాల్లో జరుపుకునే దెయ్యాల పండగ, దగ్గర పడుతోంది కదా, ఆన్‌లైన్‌లో గుమ్మడికాయ బొమ్మలేసిన పజిల్ పుస్తకాలు కుప్పలుగా కనిపిస్తాయి. వాటిలో 'క్రిప్టిక్' అని రాసి ఉన్నది కొనాలనుకుంటే ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను ఆగలేదు. పది పౌండ్లకు ఒక్క పెన్నీ తక్కువ పెట్టి కొన్నాను. డబ్బు తిరిగొచ్చింది గానీ, ఆ నాలుగు సాయంత్రాలు నాన్నను చూస్తూ పడ్డ బాధ మాత్రం ఇంకా పోలేదు.

మా నాన్న విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పొద్దున్నే హిందూ పేపర్ రాగానే క్రాస్‌వర్డ్ ఉన్న పేజీ మడుచుకుని, కాఫీ చల్లారేలోగా సగం గళ్ళు నింపేసే మనిషి. నాకు నేర్పింది కూడా ఆయనే. ఈసారి మూడు నెలలు ఉండి వెళ్దామని ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా ఇంటికి వచ్చారు. గుమ్మం గుమ్మానికీ వేలాడుతున్న ప్లాస్టిక్ అస్థిపంజరాలు చూసి, "మన దీపావళికి దెయ్యం పట్టినట్టుందే" అని ఒకటే నవ్వు. ఆయనకు సరదాగా ఉంటుందని ఈ పుస్తకం తెప్పించాను.

క్రిప్టిక్ అలవాటు లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు గళ్ళ నుడికట్టులో ఆధారం అర్థం ఒక్కటే చెప్తుంది. క్రిప్టిక్‌లో ఆధారానికి రెండు భాగాలు ఉంటాయి. ఒకటి జవాబుకు సూటి అర్థం, వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. రెండోది అక్షరాలతో ఆట. ఏ దారిన వెళ్ళినా ఒకే మాట దగ్గర తేలాలి. 'ఇంట్లో దగ్గు వినిపిస్తోంది, శవపేటిక' అన్నాడనుకోండి. దగ్గు అంటే కాఫ్, ఇంట్లో ఉండటం అంటే ఇన్, రెండూ కలిపి చెవితో వింటే కాఫిన్. 'బిషప్ గది ఊడ్చేది' అంటే బ్రూమ్. చదరంగంలో బిషప్‌ను బి అని రాస్తారు, గది రూమ్, అంతే, మంత్రగత్తె వాహనం సిద్ధం. అది విడిపోయిన క్షణంలో వచ్చే కిక్ కోసమే మాలాంటివాళ్ళు దీని వెంట పడేది.

ఇక పుస్తకం సంగతి. మొదటి పజిల్‌లోనే 7 అడ్డం: 'ట్యాప్ ఆన్ హ్యామ్ తారుమారు, దెయ్యం', ఏడక్షరాలు. 'తారుమారు' అంటే దాని ముందున్న మాటల అక్షరాలన్నీ కలిపేసి కొత్త మాట చేయమని సైగ. నాన్న తన పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలన్నీ కాగితం మీద గుండ్రంగా రాసుకున్నారు. టి, ఏ, పి, ఓ, ఎన్, హెచ్, మళ్ళీ ఏ, ఎం. 'ఫాంటమ్' అని ఆయనకు రెండు నిమిషాల్లోనే తట్టింది. కానీ ఆయన రాసుకున్నవి ఎనిమిది, ఫాంటమ్‌కు కావలసినవి ఏడు.

"ఒక ఏ మిగిలిపోతోందమ్మా. ఎక్కడో తీసెయ్యమని చెప్పే ఉంటాడు, నాకే కనపడట్లేదు."

నలభై నిమిషాలు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. చివరికి పెన్సిల్ పక్కన పెట్టి, "ఈ మధ్య బుర్ర పట్టు తప్పుతోందిలే" అన్నారు. అదీ నన్ను కోసేసిన మాట. వెనక పేజీల్లో జవాబు చూస్తే ఫాంటమ్ అనే ఉంది. తప్పు ఆయనది కాదు, అక్షరాలు లెక్కపెట్టకుండా అచ్చేసినవాళ్ళది. అయినా నాకూ వెంటనే నమ్మబుద్ధి కాలేదు. అచ్చులో ఉన్నదే కరెక్టనుకుని, ఇంకో మూడు సాయంత్రాలు ఇద్దరం మా తెలివినే అనుమానించుకున్నాం.

నాలుగో రోజు విసుగొచ్చి రెండో పజిల్ ఆధారాలు ఒక్కొక్కటీ టిక్కులు పెడుతూ చూశాను. 28 ఉన్నాయి. 19 ఉత్త అర్థాలే. 'రాత్రి ఎగిరే భయంకర జీవి', మూడక్షరాలు. దీంట్లో క్రిప్టిక్ ఏముంది? గబ్బిలం అని బడిపిల్లలు కూడా చెప్తారు. పోనీ బ్యాట్ అంటే క్రికెట్ బ్యాట్ కూడా కదా, ఆ రెండర్థాలూ కలిపి ఆడుకోవచ్చు! ఇంకోచోట జవాబు మమ్మీ. ఇక్కడి పిల్లలు అమ్మను మమ్మీ అనే పిలుస్తారు, ఈజిప్టులో గుడ్డలు చుట్టి పెట్టిందీ మమ్మీయే. ఇంతకంటే తేలిగ్గా కుదిరే మాట ఉంటుందా? 'పురాతన ఈజిప్టు శవం' అని రాసి ఊరుకున్నారు. అక్కడ నాన్నకు నిజంగా కోపం వచ్చింది. పైగా తొమ్మిదో పజిల్ జవాబులని వెనక అచ్చేసినవి పదకొండో పజిల్ గళ్ళలో సరిపోయాయి.

ఈ ఆటకు ఇంత మర్యాద ఎందుకంటే, దీని నియమాలు ఊరికే పుట్టలేదు. 1926లో లండన్ 'అబ్జర్వర్' పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో ఒకాయన పూర్తి క్రిప్టిక్ పజిల్స్ మొదలుపెట్టారు. స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని హింసించిన అధికారి పేరది. ఆయన తర్వాత వచ్చినాయన జిమెనెజ్ అని అలాంటి ఇంకో అధికారి పేరే పెట్టుకున్నారు. హింసించేది మేమేనని ముందే ఒప్పుకున్నారన్నమాట! అఫ్రిట్ పేరుతో రాసిన రిచీ 1949లో సూత్రం తేల్చి చెప్పారు: నా మాటలు పైకి కనిపించే అర్థంలో ఉండక్కర్లేదు, కానీ నేను ఉద్దేశించింది మాత్రం ఆ మాటల్లో కచ్చితంగా ఉండాలి. అఫ్రిట్ అంటే అరబ్బు కథల్లో భూతం. భూతానికి ఉన్న నిజాయితీ నేను కొన్న పుస్తకానికి లేకపోయింది.

కాబట్టి కొనే ముందు శాంపిల్ పేజీలు తెరవండి. గళ్ళ బొమ్మను తలకిందులు చేసి చూడండి. బ్రిటిష్ పద్ధతిలో అది తిప్పినా అలాగే కనిపించాలి, నల్ల గళ్ళు ఉన్నచోటే ఉండాలి. నా పుస్తకంలో ఒక మూల మొత్తం నల్లగా మిగిలిపోయింది, ఎందుకో కూర్చినవాళ్ళకే తెలియాలి. తారుమారు ఆధారం ఒక్కటైనా దొరికితే వేళ్ళ మీద లెక్కపెట్టండి. కూర్చింది ఎవరో, మారుపేరైనా సరే, ఉందా లేదా చూడండి. నా దాని మీద ఎవరి పేరూ లేదు. జవాబు ఎలా వచ్చిందో వివరణ ఇచ్చే పుస్తకమైతే మరీ మంచిది, తప్పుడు ఆధారానికి వివరణ రాయడం కుదరదు. స్టార్లు చూసి మోసపోవద్దు. నేను చూసిన రివ్యూల్లో సగం 'కవర్ చాలా బాగుంది' అనే.

ఇప్పటికే కొని ఇరుక్కుపోయారా? బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నది చేతికొచ్చిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. నాకు ఆ గడువు దాటింది. అమ్మినవాళ్ళు మొదట "కష్టంగా ఉండటం లోపం కాదు" అని రాశారు. కష్టం గురించి కాదు, క్రిప్టిక్ అని చెప్పి క్రిప్టిక్ కానిది అమ్మారు, జవాబులు గళ్ళకు సరిపోవు అని ఫోటోలు పెట్టి, 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వర్ణనకు సరిపోని వస్తువు 30 రోజుల్లోపు తిప్పి పంపి డబ్బు వెనక్కి తీసుకోవచ్చని రాశాను. రెండు రోజుల్లో మొత్తం డబ్బు వేశారు. ఇండియాలో కొన్నవాళ్ళకు 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లోనూ ఇలాంటి రక్షణే ఉంది. అమ్మినవాళ్ళు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేయండి.

పుస్తకం వెనక్కి పంపే ముందు నాన్న పేజీల్లో పెన్సిల్ రాతలన్నీ ఓపిగ్గా చెరిపేశారు. 7 అడ్డం దగ్గర ఆగి, పక్కనున్న కవరు మీద ఆ ఆధారాన్ని తనే సరిచేసి రాశారు: 'ఉత్తరంతో టాప్ హ్యామ్ గజిబిజి, దెయ్యం'. ఉత్తర దిక్కుకు ఇంగ్లీషులో ఎన్ అని రాస్తారు, టాప్‌లో టి, ఓ, పి, హ్యామ్‌లో హెచ్, ఏ, ఎం. తెలుగులో ఉత్తరం అంటే లెటర్ కూడా కావడం ఆయనకు బోనస్. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.

ఏడే వచ్చాయి.