పైన వేయించిన రంగు, లోపల పచ్చి మాంసం: పసిపిల్లలకు పెట్టే ముందు ఈ ప్యాకెట్ల విషయంలో జాగ్రత్త

పొడి అద్ది, పైపైన వేయించి, గడ్డకట్టించి అమ్మే కోడిమాంసం ముక్కలను పిల్లల కోసం కొనే తల్లిదండ్రులందరికీ ఈ హెచ్చరిక. మా నాలుగేళ్ల పాప అలాంటి ముక్కలు తిని వారం రోజులు మంచం పట్టింది. అందులో రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఇప్పుడు కోలుకుని ఆడుకుంటోంది. జరిగిన దానిలో నా తప్పు కూడా ఉంది కనుక దానిని కూడా దాచకుండా రాస్తున్నాను.

ప్యాకెట్ ముందు వైపు పళ్లెంలో పొగలు కక్కుతున్న ముక్కల బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘నిమిషాల్లో సిద్ధం’ అన్న మాట ఉన్నాయి. లోపలి ముక్కలు కూడా దోరగా వేగిన రంగులోనే ఉండటంతో, అవి ముందే ఉడికినవని, వేడి చేసుకుంటే చాలునని అనుకున్నాను. మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు పెట్టాను. పైపొర చేతికి కాలింది, ఆవిరి వచ్చింది. పాప ఒక ముక్క పూర్తిగా, రెండోది సగం తిన్నది. పళ్లెం తీస్తూ మిగిలిన సగాన్ని విరిచి చూసేసరికి, మధ్యభాగం గాజులా మెరుస్తూ, గులాబీ రంగులో, వేలికి జారుతూ తగిలింది. అంతేకాదు, చల్లగా కూడా ఉంది. అప్పుడు ప్యాకెట్ తిరగేసి చూశాను. వెనుక వైపు, తయారీ దినుసుల జాబితా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ‘పచ్చి మాంసం. ఓవెన్‌లో పూర్తిగా ఉడికించిన తరువాతే తినాలి. మైక్రోవేవ్‌లో వండరాదు.’

వెంటనే ఆ కంపెనీ వినియోగదారుల విభాగానికి ఫోన్ చేశాను. మాట్లాడిన వ్యక్తి ఎంతో మర్యాదగా, “కంగారు పడకండి మేడమ్, లోపల కొంచెం గులాబీ రంగు ఉంటేనే ముక్క మెత్తగా, రసంగా ఉంటుంది, పిల్లలు కూడా తేలికగా నమలగలుగుతారు” అన్నారు. ప్యాకెట్ మీది అక్షరాల సైజు కంటే ఈ మాట ప్రమాదకరమైనదని నా అభిప్రాయం. ఎందుకంటే నేను ఆ రాత్రికి దానిని సగం నమ్మాను.

మూడో రోజు జ్వరం, మెలిపెట్టే కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. నాలుగో రోజు ఉదయం విరేచనంలో రక్తపు జీర కనిపించింది. మలపరీక్షలో క్యాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా బయటపడింది. పచ్చి కోడిమాంసంలో తరచుగా కనిపించే క్రిముల్లో ఇదొకటి, సాల్మొనెల్లా మరొకటి. క్యాంపైలోబాక్టర్ లోపలికి వెళ్లిన రెండు నుంచి ఐదు రోజులకు గాని సాధారణంగా లక్షణాలు బయటపడవు కనుక, తిన్న మరుసటి రోజు పిల్లలు హుషారుగా ఉన్నారని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. డాక్టరు గారు నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న, విరేచనాలు కట్టే మందు ఏదైనా సొంతంగా వేశారా అని. వేయలేదని చెప్పగానే ఆయన ముఖంలో కనిపించిన ఊరట నాకు ఇంకా గుర్తుంది. జ్వరంతో, రక్తంతో కూడిన విరేచనాలకు పిల్లలకు అటువంటి మందు వేయకూడదు. పేగు కదలిక ఆగిపోతే క్రిమీ దాని విషమూ లోపలే నిలిచిపోతాయి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పసిపిల్లలు సగం ఉడికిన మాంసాన్ని క్షేమంగా తినవచ్చునా? తినకూడదు, ముఖ్యంగా ఐదేళ్లలోపు వారు. పెద్దవారికి ఒక పూట కడుపు పాడుచేసి ఊరుకునే క్రిమి, రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోని పిల్లలను ఆసుపత్రి దాకా తీసుకువెళ్లగలదు. చిన్న శరీరంలో నీటి నిల్వ తక్కువ కాబట్టి నాలుగైదు విరేచనాలకే నాలుక ఎండిపోతుంది, కళ్లు లోపలికి పోతాయి, మూత్రం తగ్గిపోతుంది. మా పాప ఏడుస్తున్నా కన్నీరు రాకపోవడం చూసిన తరువాతనే మేము ఆసుపత్రికి పరుగెత్తాము.

అయితే మాంసమంతా ఒకే రకం కాదు. కోయకుండా ఉన్న గొడ్డుమాంసం, మేకమాంసం వంటి పెద్ద ముక్కలో క్రిములు చాలావరకు పైభాగంలోనే ఉంటాయి కనుక, నిప్పు తగిలినప్పుడు అవి చచ్చిపోతాయి. లోపల ఎర్రగా ఉన్న మాంసాన్ని కొన్ని దేశాల్లో పెద్దలు తినగలుగుతున్నది అందుకే. అదే మాంసాన్ని ఖీమా కొట్టినప్పుడు పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. మెత్తబడటానికి సూదులతో గుచ్చిన ముక్క విషయమూ అంతే. కోడిమాంసంలోనైతే, ముఖ్యంగా కాలేయంలో, క్రిములు లోపలి భాగంలోనే ఉండవచ్చు కనుక దానికి ఏ మినహాయింపూ లేదు.

ఖీమా సంగతి ఎంత తీవ్రమైనదో ప్రపంచానికి తెలియజేసిన క్రిమి ఇ. కోలై ఓ157. అది మనుషులకు జబ్బు తెస్తుందని 1982లో అమెరికాలో, సరిగా ఉడకని ఖీమా బిళ్లలు తిన్నవారి ద్వారా మొదటిసారి గుర్తించారు. 1993లో అదే దేశంలో ఒక హోటళ్ల సంస్థ అమ్మిన ఖీమా బిళ్లల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. వాషింగ్టన్ రాష్ట్ర నిబంధన 68 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడికించాలని చెబుతున్నా, ఆ బిళ్లలను అంతవరకు ఉడికించలేదు. మరుసటి సంవత్సరం, 1994లో, ఖీమాలో ఈ క్రిమి ఉంటే దానిని కల్తీగా పరిగణించి అమ్మకం ఆపాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. ఈ క్రిమి వందకన్నా తక్కువ సంఖ్యలో లోపలికి వెళ్లినా జబ్బు చేయగలదు. అది విడుదల చేసే విషం వల్ల కొందరు పిల్లలకు విరేచనాలు మొదలైన వారం రోజుల ప్రాంతంలో ఎర్ర రక్తకణాలు చిట్లి మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. పాలిపోవడం, మూత్రం తగ్గిపోవడం, ముఖం ఉబ్బడం కనిపిస్తే విరేచనాలు తగ్గాయి కదా అని ఊరుకోకూడదు. ఈ క్రిమి ఉందన్న అనుమానం ఉంటే యాంటీబయాటిక్ కూడా మేలుకు బదులు కీడు చేయవచ్చు కనుక, ఇంట్లో మిగిలిపోయిన మందు సీసాను ముట్టుకోకండి.

చాలామంది నన్ను అడిగిన మాట ఒకటుంది: రంగు చూసి తెలుసుకోలేమా? నేనూ రంగు చూసే మోసపోయాను. ఇలాంటి ప్యాకెట్లలో పైరంగు తయారీలోనే, పొడి పట్టుకుని ఉండటానికి నూనెలో కొద్దిసేపు వేయించడం వల్ల వస్తుంది. లోపలి మాంసానికి ఆ వేడి చేరదు. ఖీమాలో మోసం దీనికి తలకిందులు: గాలి తగిలి మారిన మాంసపు రంగు పదార్థం తక్కువ వేడికే గోధుమ రంగుకు తిరుగుతుంది కనుక, మధ్యలో ఉడికినట్టు కనిపించే బిళ్ల కూడా ఉడికి ఉండకపోవచ్చు. నమ్మదగినది థర్మామీటర్ ఒక్కటే. కోడిమాంసం అన్ని రకాలూ 74 డిగ్రీలు, కోడిది కాని ఖీమా 71 డిగ్రీలు చేరాలని అమెరికా వ్యవసాయశాఖ చెబుతుంది. బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ 70 డిగ్రీల వద్ద రెండు నిమిషాలు ఉండాలంటుంది. థర్మామీటర్ మొన ముక్కలోని దళసరి భాగం మధ్యకు చేరాలి, ఎముకను తాకకూడదు.

కోపంతో కొంత, కుతూహలంతో కొంత, ఫ్రీజర్‌లో మిగిలిన ఆరు ముక్కల్లో ఒకదానిని అదే మైక్రోవేవ్‌లో, అదే మూడు నిమిషాలు పెట్టి కొలిచాను. అంచు దగ్గర 81 డిగ్రీలు చూపింది. వేలెడు దూరం లోపలికి జరిపితే 46. ఒకే ముక్కలో, ఒకే క్షణంలో ఇంత తేడా ఉంటుందని కొలవకముందు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదానిని కాను. గడ్డకట్టిన ముక్కను మైక్రోవేవ్ సమంగా వేడి చేయదు. గడ్డకట్టించడం క్రిములను నిద్రపుచ్చుతుందే గాని అన్నిటినీ చంపదు.

సగం ఉడికితేనే మెత్తగా ఉంటుందన్న వాదన కూడా పూర్తిగా నిజం కాదు. తొందరగా, పొడి సెగ మీద ఎక్కువగా కాల్చిన మాంసం గట్టిపడుతుంది, నిజమే. కాని నరాలున్న గట్టి ముక్కను తగినంత నీటిలో మూతపెట్టి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తే, అందులోని కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం జెలటిన్ అనే మెత్తటి జిగురుగా మారి, గరిటెతో నొక్కితే విడిపోయేంత మెత్తన అవుతుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు కావలసిన ఇనుము అంత ఉడికించినా మాంసంలో ఉండనే ఉంటుంది. ఉడికిన నీళ్లతోనే మెదిపి పెడితే పళ్లు రాని పిల్లలు కూడా మింగగలరు.

ఇంట్లో మరొక పొరపాటు కూడా జరిగింది. ముక్కలు వేడి చేయకముందు పెట్టిన పళ్లెంలోనే, కడగకుండా, వాటిని తిరిగి వడ్డించాను. పచ్చి మాంసమని తెలియనందువల్ల అలా చేశాను. తెలిసి ఉంటే ఎవరూ చేయరు. ప్యాకెట్ మీది బొమ్మ వల్ల కలిగే నష్టం వంట దగ్గరే ఆగదని చెప్పడానికి ఇది రాశాను.

కంపెనీకి ప్యాకెట్ రెండు వైపుల ఫొటోలు, బ్యాచ్ నంబరు, మలపరీక్ష నివేదిక జతచేసి ఫిర్యాదు పంపాను. సూచనలు ప్యాకెట్ మీద ఉన్నాయని, వాటిని పాటించనందుకు తాము బాధ్యులం కామని పదకొండు రోజుల తరువాత జవాబు వచ్చింది. అక్షరాలా చూస్తే వారి మాట తప్పు కాకపోవచ్చు. అయితే ఫోన్‌లో గులాబీ రంగు మంచిదేనని చెప్పింది కూడా వారి మనిషే. ఆ సంభాషణ గురించి జవాబులో ఒక్క ముక్క కూడా లేదు. అందుచేత రెండో ఫిర్యాదును ఆహార భద్రతా అధికారులకు పంపాను, పచ్చి మాంసం అన్న మాట ముందు వైపున, ‘నిమిషాల్లో సిద్ధం’ అన్నంత సైజులో ఉండాలని కోరాను. మిగిలిన ఐదు ముక్కలను, పరీక్షకు అడుగుతారేమోనని, విడిగా సంచిలో కట్టి, పాప చేతికి అందని పై అరలో ఉంచాను.