బుధవారానికి నీటి అక్షరం: టోక్యోలో, సువాలో పాత డైవర్ వాచీల వేట

2025 అక్టోబర్‌లో ఎనిమిది రోజులు జపాన్ తిరిగొచ్చాం, నేనూ మా బావగారూ. ఆయనకి రైళ్లంటే పిచ్చి, నాకు పాత వాచీలంటే. పొద్దున పూట ఆయన ఎక్కమన్న రైలు నేను ఎక్కాలి, సాయంత్రం నేను ఆగిన అద్దాల బీరువా ముందు ఆయనా ఆగాలి, ఇదీ ఒప్పందం. రెండో రోజుకే అది నా వైపు ఒరిగిపోయింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు.

నేను వెతుక్కుంటూ వెళ్లింది ఒకే ఒక్క వాచీ, జపాన్ కంపెనీ సీకో చేసిన 6306-7001. ఈ నంబర్ల గోల తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1976లో సీకో 150 మీటర్ల లోతుకి సరిపోయే ఒక డైవర్ వాచీ తెచ్చింది. బయటి దేశాలకు పంపినవాటిలో 6309 అనే మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం) పెట్టారు, జపాన్‌లో అమ్మినవాటిలో 6306. పైకి రెండూ కవలలు. దిండులా ఉబ్బిన అదే కేసు, నాలుగు గంటల దగ్గర అదే క్రౌన్ (టైమ్ మార్చడానికి తిప్పే చిన్న మర). లోపలే తేడా. 6309లో 17 జ్యువెల్స్ (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు), 6306లో 21. క్రౌన్ బయటికి లాగితే 6306లో సెకన్ల ముల్లు ఠక్కున ఆగుతుంది. 6309లో ఆగదు, దాని దారిన అది పోతూనే ఉంటుంది.

అన్నిటికన్నా సరదా అయినది వారం పేరు చూపించే చక్రం. ఇంగ్లిష్ అన్నిట్లోనూ ఉంటుంది. రెండో భాష మాత్రం వాచీ ఏ మార్కెట్‌కి వెళ్లాలో దాన్నిబట్టి మారుతుంది: స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, అరబ్బీ. జపాన్‌లో అమ్మినదాని మీద జపాన్ అక్షరాలు, శనివారం నీలంలో, ఆదివారం ఎరుపులో. ఆ అక్షరాలకు అర్థం తెలుసుకున్న రోజు నాకు భలే ఆశ్చర్యం వేసింది. మన వారాల్లాగే అవీ గ్రహాల పేర్లే. సోమవారానికి చంద్రుడు, మంగళవారానికి నిప్పు, బుధవారానికి నీరు, గురువారానికి చెట్టు, శుక్రవారానికి బంగారం, శనివారానికి మట్టి, ఆదివారానికి సూర్యుడు. బుధుణ్ణి వాళ్లు నీటి నక్షత్రం అంటారు, శుక్రుణ్ణి లోహపు నక్షత్రం అంటారు. నీళ్లలోకి దిగడానికి చేసిన వాచీ మీద వారానికోసారి నీరు అనే అక్షరం వస్తుందన్నమాట. నాకు ఆ వాచీయే కావాలనిపించడానికి సగం కారణం ఇదే.

మొదటి రెండు రాత్రులు టోక్యోలోని ఉయెనోలో ఉన్నాం. నరితా విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలు ఎక్కితే ముప్పావుగంటలో తెచ్చి దింపుతుంది, అర్ధరాత్రి ప్రయాణం చేసి వచ్చినవాళ్లకి అది చాలా పెద్ద సుఖం. హోటల్ గది సంగతి వేరే. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి చోటు లేదు. ఒకరు సర్దుకుంటుంటే ఇంకొకరు మంచమెక్కి కూర్చోవాలి. శుభ్రతకి వంక పెట్టలేం, బాత్రూమ్‌లో వేడినీళ్లు తిప్పగానే వచ్చాయి. కానీ గదిలో మసక వెలుతురు, టేబుల్ మీద లైటు లేదు. వాచీలు కొనడానికి వెళ్లేవాళ్లు గది బుక్ చేసేటప్పుడు చూడాల్సింది కిటికీలోంచి కనిపించే దృశ్యం కాదు, టేబుల్ లైటు. కొన్నదాన్ని రాత్రి భూతద్దం పెట్టి చూసుకోకుండా నిద్ర పట్టదు కదా. పక్కనే అమెయోకో సందులు. యుద్ధం అయిపోయాక బ్లాక్ మార్కెట్‌గా మొదలైన బజారు అది. తిరగడానికి బాగుంటుంది గానీ వాచీల కోసమైతే ఒక గంట చాలు. నాకక్కడ పనికొచ్చేది ఏమీ దొరకలేదు.

గింజాలోని సీకో మ్యూజియంకి మాత్రం ఒక పూట మొత్తం పెట్టుకోండి. టికెట్ లేదు. ముందుగా ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకొని వెళ్లాం, ఏ ఇబ్బందీ కలగలేదు. 2020లో ఇక్కడికి మారింది. జపాన్‌లో తయారైన మొదటి డైవర్ వాచీ 1965 నాటిది, కలెక్టర్లు 62మాస్ అని పిలిచేది. అంటార్కిటికా వెళ్లిన జపాన్ పరిశోధక బృందం దాన్ని వాడింది. ఫొటోల్లో చూసి పెద్ద వాచీ అనుకున్నాను. ఎదురుగా చూస్తే ఎంత అణకువగా ఉందో! ఆ తర్వాత వచ్చిన 6105 ఎక్కువగా అమెరికా సైనికుల చేతుల మీదుగా ప్రపంచమంతా తిరిగింది. వియత్నాం యుద్ధ కాలంలో వాళ్లు సైనిక దుకాణాల్లో దాన్ని కొనుక్కునేవాళ్లు. తొలి డయళ్ల మీద వాటర్ ప్రూఫ్ అనీ, తర్వాతి వాటి మీద రెసిస్ట్ అనీ ఉంటుంది. ఒక్క మాట తేడాకి ధర ఎంత మారుతుందో చెబితే బావగారు నమ్మలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టింది 1975 నాటి 600 మీటర్ల వాచీ. 1968లో హిరోషిమా జిల్లా కురే ఊరి నుంచి ఒక వృత్తి డైవరు సీకోకి ఉత్తరం రాశాడట, 300 మీటర్ల లోతులో పనిచేస్తుంటే మీ వాచీలు తట్టుకోవడం లేదని. అంత లోతున పనిచేసేవాళ్లు హీలియం కలిపిన గాలిలో రోజుల తరబడి ఉంటారు. ఆ సన్నటి వాయువు సీళ్లలోంచి వాచీలోకి దూరుతుంది, పైకి వచ్చేటప్పుడు లోపలి ఒత్తిడికి అద్దం ఎగిరిపోతుంది. స్విట్జర్లాండ్ వాళ్లు దూరిన హీలియం బయటికి పోవడానికి వాల్వు పెట్టారు. సీకో వాళ్లు అసలు దూరకుండా చేద్దామని ఏడేళ్లు కూర్చున్నారు. టైటానియం కేసు, దాని చుట్టూ ఒక కవచం, ఎల్ ఆకారపు గాస్కెట్ (నీళ్లూ గాలీ దూరకుండా పెట్టే సీలు). ఒకే జబ్బుకి రెండు దేశాల రెండు వైద్యాలు. ప్రాంతాల మధ్య తేడా అంటే నాకు డయల్ మీది అక్షరాలకన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

మూడో రోజు నుంచి మకాం టోక్యోలోనే ఉన్న నకానోకి మార్చాం. ముందే ఇక్కడ దిగి ఉండాల్సింది. షింజుకుకి చువో ర్యాపిడ్ రైల్లో ఒక్క స్టాపు. గది ఉయెనో గది కన్నా ఏమంత పెద్దది కాదు, కానీ టేబుల్ లైటుంది! స్టేషన్ ఉత్తరం వైపు కప్పున్న బజారు వీధి దాటితే నకానో బ్రాడ్‌వే. 1966లో కట్టిన భవనం, కింద దుకాణాలు, పైన ఇళ్లు. ఎస్కలేటర్ ఎక్కితే రెండో అంతస్తులో ఆగకుండా నేరుగా మూడో అంతస్తులో దింపేస్తుంది. బావగారు రెండుసార్లు దారి తప్పింది అక్కడే. వాచీల షాపులు ఎక్కువగా ఆ మూడో అంతస్తులోనే. పదకొండు దాటితే గానీ షట్టర్లు లేవవు, కాబట్టి పొద్దున్నే పరిగెత్తి లాభం లేదు. మేం వెళ్లింది బుధవారం, కొన్ని షాపులు ఆ రోజు సెలవు. నీటి వారం నాడే!

పెద్ద షాపుల్లో సరుకు శుభ్రంగా, ధర నిక్కచ్చిగా ఉంటుంది. చిన్న షాపుల్లో ట్యాగు మీద రాసింది చదివించుకోవాలి. నాకు ఫోన్‌లోని అనువాదం యాప్‌తో పని జరిగిపోయింది. ఓవర్‌హాల్ అయిందని ఉంటే సర్వీసింగ్ చేశారని. గెంజో-వతాషి అని ఉంటే ఉన్నది ఉన్నట్టు తీసుకోవాల్సిందే, తర్వాత అడగడానికి ఏమీ ఉండదు. జంక్ అంటే ఇక మీ అదృష్టం. ఈ మూడు మాటలూ నిజాయితీగా రాయడం నేను జపాన్ షాపుల్లో మెచ్చుకున్న సంగతి.

ఒక చిన్న షాపులో ట్యాగు మీద 6306-7001 అని కనిపించింది. డయల్ మీది వారం కిటికీలో నీటి అక్షరం. గుండె ఒక్కసారి జారింది. ధర ఆరంకెల్లో ఉంది, అయినా నా బడ్జెట్‌లోనే. పట్టుకోవచ్చా అని అడిగితే చిన్న ట్రేలో గుడ్డ పరిచి పెట్టారు. అడిగి క్రౌన్ విప్పి బయటికి లాగాను. సెకన్ల ముల్లు ఆగలేదు. మళ్లీ నొక్కి, మళ్లీ లాగాను. ఆగలేదు. అంటే లోపలున్నది 6309, వారం చక్రం ఎవరో మార్చి పెట్టారు. డయల్ అంచున చీమల్లా ఉండే కోడ్ కూడా 6309 అనే మొదలైంది. నేనేమీ అనలేదు, చూపించానంతే. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు లోపలికి వెళ్లి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన తన చేత్తో ఒకసారి లాగి చూసి, నడుం వంచి క్షమించమని, ట్యాగు తీసేసి వాచీని లోపలికి తీసుకెళ్లిపోయారు. వాదన లేదు, నసుగుడు లేదు. నిరాశ పడ్డాను గానీ కోపం రాలేదు.

అసలు సిసలు 6306 అదే అంతస్తులో ఇంకో చోట కనిపించింది. ముల్లు ఆగింది, అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. కానీ ఎప్పుడో ఎవరో కేసుని బాగా పాలిష్ పట్టేశారు, అంచులన్నీ అరిగి సబ్బుబిళ్లలా అయింది. దానికి మొదటిదాని ధరకి దాదాపు రెట్టింపు. గంటసేపు తటపటాయించి వదిలేశాను. ఈ కేసుకి అందమే ఆ అంచులు, అవి పోయాక లోపల 21 జ్యువెల్స్ ఉంటే నాకేం?

చివరికి నేను కొన్నది వేరే వాచీ, 6309-7049, స్పానిష్ చక్రం. ట్యాగు మీద గ్యాకు-యున్యూ అని ఉంది, అంటే దేశం దాటి వెళ్లి తిరిగి దిగుమతైనది. 7049 అన్న అంకె అమెరికా మార్కెట్‌కి వేసినది. సీరియల్ నంబరు 28తో మొదలవుతుంది. సీకోలో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల, అక్టోబర్‌కి ఓ, నవంబర్‌కి ఎన్, డిసెంబర్‌కి డి. దశాబ్దం రాయరు, మనమే ఊహించుకోవాలి. మొదటి అంకె 7 అయితే 1977ఆ 1987ఆ అని జుట్టు పీక్కోవాలి, ఎందుకంటే ఈ మోడల్ 1988 దాకా నడిచింది. 2 అయితే ఆ బాధ లేదు, 1982 ఆగస్టు. బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే రింగు) రంగు వెలిసింది, లూమ్ (చీకట్లో వెలిగే పూత) ముదురు పసుపైంది, కేసు అంచులు మాత్రం కత్తిలా ఉన్నాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

78 వేల యెన్‌లు. పాస్‌పోర్ట్ చూపిస్తే 10 శాతం పన్ను కౌంటర్ దగ్గరే తీసేశారు. చిన్న షాపులన్నిటికీ ఈ సదుపాయం ఉండదు, ముందే అడగండి. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతోంది, పన్ను మొత్తం కట్టేసి, దేశం వదిలేటప్పుడు విమానాశ్రయంలో వెనక్కి తీసుకోవాలి.

"ఇంతకీ ఇది టైమ్ సరిగ్గా చూపిస్తుందా?" అన్నారు బావగారు.

"రోజుకి అర నిమిషం అటూ ఇటూ ఉండొచ్చు బావగారూ."

"రెండు మూడు వందల యెన్‌ల వాచీ కూడా అంతకన్నా బాగా చూపిస్తుంది కదయ్యా."

దానికి జవాబేముంది? ఆయన అడిగిన రైలు ఎక్కాను.

ఆ రైలు అజుసా. షింజుకు నుంచి కామిసువాకి రెండుంపావు గంటలు, టికెట్ మాకు సుమారు ఆరు వేల యెన్‌లు పడింది. సీట్లన్నీ రిజర్వేషనే, కాబట్టి ముందే కొనుక్కోండి. ఈ డైవర్ వాచీలు పుట్టిన సువా కొండ ఊళ్లు ఇవి. 1942లో మిసో (సోయా గింజల ముద్ద) నిల్వ చేసే ఒక గిడ్డంగిలో మొదలైన చిన్న పనిశాల తర్వాత సువా సీకోషా అయింది, ఇంకా తర్వాత సీకో ఎప్సన్. 62మాస్, 6105, 6306 అన్నీ సువా పనే. సముద్రానికి ఇంత దూరంలో, సముద్ర మట్టానికి 759 మీటర్ల ఎత్తున ఉన్న చెరువు గట్టున!

కామిసువా స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ మీదే కాళ్లు కడుక్కునే వేడినీటి తొట్టి ఉంది. తువ్వాలు సంచిలో పైనే పెట్టుకోండి. పక్క ఊరు షిమోసువాలో, అకిమియా గుడికి దగ్గర్లో గిషోడో అని గడియారాల మ్యూజియం. పదకొండో శతాబ్దపు చైనా వాళ్ల నీటి గడియారాన్ని అసలు పరిమాణంలో కట్టి నడుపుతున్నారు. వాచీ విడదీసి బిగించడం నేర్పించే తరగతులూ ఉన్నాయి, ఖాళీ దొరక్క నేను కూర్చోలేకపోయాను. వెళ్లే ముందే చోటు అడిగి పెట్టుకోవాల్సింది. గింజాతో పోలిస్తే చిన్నది, కానీ మిషన్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్లు కళ్లముందే కనిపిస్తారు.

రెండు రాత్రులు చెరువు పక్కన ఒక పాత ర్యోకాన్‌లో (జపాన్ సంప్రదాయ సత్రంలో) ఉన్నాం. రెండు పూటల భోజనంతో కలిపి టోక్యో గదికి రెట్టింపు పడింది. నాకైతే ఆ డబ్బు వాచీకి పెట్టిన డబ్బుకన్నా సుఖంగా ఖర్చయింది. ఒక్క ఇబ్బంది, భోజనం ఆరింటికంటే ఆరింటికే. గిషోడో నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు వడ్డించే అమ్మ ముఖం చూడాల్సి వచ్చింది.

స్నానానికి మాత్రం కటకురకాన్‌కి వెళ్లండి. పట్టు మిల్లుల కుటుంబం 1928లో కట్టించిన స్నానశాల, ప్రవేశం వెయ్యి యెన్‌లకు లోపే. కొలను ఒక మీటరు పైన లోతు, అడుగున గులకరాళ్లు, నిలబడే స్నానం చెయ్యాలి. 150 మీటర్లని డయల్ మీద రాసున్న వాచీని లాకర్‌లో పెట్టి నేను మాత్రం నీళ్లలోకి దిగాను. నలభై ఏళ్లు దాటిన గాస్కెట్లకి వేడినీళ్లకి మించిన శత్రువు లేదు. బావగారు నవ్విన నవ్వు కొలను అవతలి గట్టు దాకా వినిపించింది.

ఆ రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చింది. ఫోన్ వెలుగులో వాచీ చూశాను. పడుకునేటప్పుడు ఇంగ్లిష్‌లో ఉన్న కిటికీలో స్పానిష్ మాట ఉంది. చక్రం మీద రెండు భాషల పేర్లూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కాబట్టి, వారం మారేటప్పుడు ఒక భాష మీదుగా ఇంకో భాషకి దాటాలి. తెల్లవారేసరికి మళ్లీ ఇంగ్లిష్‌కి వచ్చేస్తుంది. బావగారిని లేపి చూపిద్దామని పక్కకి తిరిగాను. మంచి గురకలో ఉన్నారు. తర్వాతి రోజు పొద్దున్నే ఆరున్నరకి ఎక్కాల్సిన రైలు ఆయనదే కదా అని, లేపకుండా దుప్పటి కప్పుకున్నాను.