వాన నీళ్లా, సముద్రపు నీళ్లా, వాడిన నీళ్లా? చెన్నైలో మా అపార్ట్‌మెంటు లెక్క

ఏప్రిల్లో మా బోరు బురద కక్కింది. మేముండేది షోలింగనల్లూరులో. 60 ఇళ్లు, అందులో సగం దాకా తెలుగువాళ్లమే: నెల్లూరు, తిరుపతి, ఒంగోలు. అసోసియేషన్ మీటింగ్ మర్యాదగా తమిళంలో మొదలై, కాసేపటికి తెలుగు పోట్లాటలోకి దిగుతుంది. ఈసారి గొడవ చేతిలో ఉన్న కాస్త డబ్బు దేనికి ఖర్చుపెట్టాలని. డిపాజిట్ కట్టి మెట్రో వాటర్ (నగర నీటి బోర్డు) కనెక్షన్ తెచ్చుకుందామని కొందరు, ఇంకుడు బావి బాగా లోతుగా తవ్విద్దామని కొందరు. మూలన పడ్డ ఎస్టీపీని, అంటే మురుగు నీటిని శుద్ధి చేసే ప్లాంటుని, బాగుచేయిద్దామన్నది నేనూ ఇంకో ఇద్దరమూ. “లెక్క చూపించండి” అన్నారు.

మేం మొత్తం 210 మందిమి. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన దేశంలో నగరాలకు పెట్టుకున్న లెక్క. అంటే రోజుకు 28 వేల లీటర్ల పైచిలుకు, ఏడాదికి కోటి లీటర్లు. బోరు మొరాయిస్తే 12 వేల లీటర్ల లారీలు రోజుకు రెండు మూడు రావాలి. ఆ లారీ నీళ్లు కూడా ఎక్కడో ఇంకో ఊరి బోరువే కదా.

మా వైపు మెట్రో వాటర్ అంటే చాలావరకు నెమ్మేలి నీళ్లు, అంటే ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు. అక్కడ 2013లో రోజుకు 10 కోట్ల లీటర్ల ప్లాంటు మొదలైంది, 2024లో దాని పక్కనే 15 కోట్ల లీటర్లది వచ్చింది. ఉత్తరాన మీంజూరు ప్లాంటు 2010 నుంచే ఉంది. ఈ నీటికున్న పెద్ద గుణం, దీనికి వానతో పనిలేదు. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చారు. సముద్రానికి మాత్రం కరువు రాలేదు.

మరి ఖర్చు? లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. సన్నని పొరకు ఒకవైపు ఉప్పు నీరు, ఇంకోవైపు మంచినీరు ఉంటే, మంచినీరు ఉప్పు వైపుకే పోతుంది. అది నీటి స్వభావం. దాన్ని వెనక్కి తిప్పాలంటే గాలి పీడనానికి 60 రెట్ల ఒత్తిడితో నెట్టాలి. కరెంటంతా పోయేది అక్కడే, వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్లు. మా ఒక్క అపార్ట్‌మెంటు నీళ్లకే రోజుకు 100 యూనిట్లన్నమాట. అదీగాక రెండు లీటర్లకు పైగా సముద్రపు నీరు తోడితే చేతికొచ్చేది ఒక లీటరు. మిగతాది దాదాపు రెట్టింపు ఉప్పదనంతో తిరిగి సముద్రంలోకే పోతుంది. తీరంలో వల వేసేవాళ్ల గోడు దీని మీదే.

ఇక్కడ కృష్ణ నీళ్ల ఊసు ఎత్తకపోతే నెల్లూరు వాళ్లు ఊరుకోరు. తెలుగుగంగ ఒప్పందం 1983 నాటిది. కండలేరు నుంచి పూండికి ఏటా 12 టీఎంసీలు చేరాలి. అంటే రోజుకు 93 కోట్ల లీటర్లు. మహా గొప్ప సంగతే, కానీ పూర్తి వాటా అందిన ఏడాది అరుదు. పైన నది ఎండితే కింద కాలువ ఏం చేస్తుంది?

ఇక వాన. చెన్నైలో ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. లండన్‌లో ఇందులో సగం కూడా పడదు. 2003లోనే తమిళనాడు ప్రతి కట్టడానికీ వాననీటి ఏర్పాటు ఉండి తీరాలంది. మా డాబా 900 చదరపు మీటర్లు. నూటికి 80 వంతులు పట్టుకున్నా ఏడాదికి 10 లక్షల లీటర్లు. వినడానికి బాగుంది కదా? మా వాడకానికి అది 36 రోజులకు వస్తుంది. అందులోనూ పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురిసి వెళ్లిపోతాయి. 10 సెంటీమీటర్ల వాన పడ్డ ఒక్క రోజులోనే డాబా మీద నుంచి 72 వేల లీటర్లు దిగుతాయి. వాటిని మే నెల దాకా దాచే సంపు ఎక్కడుంది?

దాచాల్సింది నేలలోనే. అక్కడే ఇంకో చిక్కు. మా నేలలో పైనంతా బంకమట్టి. బిల్డర్ అనుమతి కోసం తవ్వించిన నాలుగడుగుల గుంటలో నీళ్లు ఇంకవు, దోమలు పెరుగుతాయి. బంకమట్టి దాటి కింది ఇసుక పొర దాకా బోరు వేసి, పైన కంకర, ఇసుక నింపితే తప్ప లాభం లేదు. బెసంట్ నగర్‌లోనో తిరువాన్మియూరులోనో ఉండి ఉంటే నేనూ వాన వర్గంలోనే చేరేవాణ్ని. అక్కడ ఇసుక నేల, వాన పడీ పడకముందే తాగేస్తుంది.

అయినా ఇంకుడు బావి వద్దని నేననను. దాని విలువ లీటర్లలో తేలేది కాదు. మీంజూరు వైపు భూగర్భ జలాన్ని అదేపనిగా తోడేయడంతో సముద్రం నేల లోపలి నుంచి కిలోమీటర్ల దూరం చొచ్చుకొచ్చింది. తీపి బావులు ఉప్పగయ్యాయి. ఆ చుట్టుపక్కలే ఇప్పుడు సముద్రపు నీటికి ఉప్పు తీసే ప్లాంటు! తీరప్రాంతంలో నేలలోకి దిగే వాన, సముద్రాన్ని అవతలే నిలబెట్టే గోడ లాంటిది.

చివరగా వాడిన నీళ్లు. వాడిన నీటిలో నూటికి 80 వంతులు కాలువలోకే పోతాయి. ఆ మురుగు లీటరులో ఉప్పు గ్రాము అటూఇటుగా ఉంటుంది. 35 ఎక్కడ, ఒకటి ఎక్కడ! కోయంబేడు, కొడుంగైయూరుల్లో 2019 నుంచి రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగును ఆర్వో (ఇందాక చెప్పిన పొర గుండా నెట్టే పద్ధతి) దాకా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు ఇస్తున్నారు. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచీ శుద్ధి చేసిన మురుగు నీటిని తాగునీటిలో కలుపుతున్నారు. మమ్మల్ని తాగమని ఎవరూ అనలేదు. ఫ్లష్ ట్యాంకుల్లోకి పంపితే చాలు, దానికి ఆర్వో కూడా అక్కర్లేదు. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, కాస్త క్లోరిన్ సరిపోతాయి. మనిషికి రోజుకు 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయని లెక్క. మాకైతే రోజుకు తొమ్మిదిన్నర వేలు, ఏడాదికి 34 లక్షలు. డాబా మీద పడే వానకు మూడింతల పైమాట.

“మరి ఆ కంపు?” అన్నారు ఎదురింటి రెడ్డిగారు. న్యాయమైన ప్రశ్నే. కంపు మా పుణ్యమే. ఎస్టీపీలో మురుగును తినేది సూక్ష్మజీవులు, వాటికి రాత్రీ పగలూ గాలి ఆడాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని మేం రాత్రిళ్లు ఆ గాలి ఊదే యంత్రాన్ని, బ్లోయర్‌ని, ఆపించాం. గాలి లేక అవి చచ్చాయి, గాలి అక్కర్లేని జాతి పెరిగింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వాటి పనే. తర్వాత ఆపరేటర్ మానేశాడు, మేం తాళం వేశాం. ఎస్టీపీకి అసలు లోటు ఇదే, దాన్ని ఆవును మేపినట్టు రోజూ చూసుకోవాలి. కుళాయి నీళ్లకు ఆ బాధ లేదు, బిల్లు కడితే చాలు. చూసుకునే మనిషిని పెట్టుకోలేని నాలుగిళ్ల కట్టడమైతే ఎస్టీపీ జోలికి పోవద్దనే నా సలహా.

చివరికి మీటింగ్‌లో తేలింది ఇది: ముందుగా బ్లోయర్లు, ఫిల్టర్లు, జీతమిచ్చి ఆపరేటర్. ఫ్లష్‌కు వేరే పైపులు బిల్డర్ ముందే వేసి ఉండటం మా అదృష్టం, వాల్వు తిప్పడమే మిగిలింది. అక్టోబరు లోపు ఇంకుడు బోరు ఒకటి. మెట్రో వాటర్‌కు దరఖాస్తు కూడా పెట్టాం. అయితే వంటకీ స్నానానికీ సరిపడా మాత్రమే.

మా అత్తయ్య నెల్లూరు నుంచి వచ్చి ఉంది. శుద్ధి చేసిన నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టి చూపించాను. వెలుతురుకు ఎత్తి చూసింది, వాసన చూసింది. “బాగానే ఉండాయి నాయనా” అంది. మర్నాటి నుంచి బాల్కనీలో కనకాంబరానికీ కరివేపాకుకూ ఆ నీళ్లే పోస్తోంది. తులసమ్మకు మాత్రం వంటింటి కుళాయి నీళ్లే.