రెండు ఆదివారాలు, మూడు గుళ్లు

మా అమ్మ చర్చిని చర్చి అనదు, గుడి అంటుంది. తెనాలి చుట్టుపక్కల లూథరన్ కుటుంబాల్లో పెద్దవాళ్లు చాలామంది అంతే. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చి మిషన్ మొదలుపెట్టారు కదా, ఆ పరంపరలో పెరిగినవాళ్లకి గుడి అంటే గంట, బెంచీలు, అయ్యగారు, పుస్తకంలో ఉన్న క్రమం తప్పకుండా గంటన్నరలో ముగిసే ఆరాధన. ఆదివారం గుడి తప్పితే ఆ వారం ఏ పనీ కలిసిరాదని అమ్మ నమ్మకం. కంటి ఆపరేషన్‌కి హైదరాబాద్‌లో పది రోజులు ఉండాలని చెప్పగానే, ఖర్చెంతని కాదు, "మధ్యలో ఆదివారాలు ఎన్నొస్తాయే?" అని అడిగింది.

రెండొచ్చాయి.

మొదటి నాలుగు రోజులు మియాపూర్ వైపు ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. రోజుకి 1,600. గది శుభ్రంగా ఉంది, లిఫ్ట్ పనిచేసింది, ఇండక్షన్ పొయ్యి ఇచ్చారు కాబట్టి అమ్మకి పొద్దున్నే కాఫీకి ఇబ్బంది లేదు. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటే ఇంకేమీ అడిగేదాన్ని కాదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఫొటోల్లో పరుపులు కాదు, బాత్రూమ్ నేల చూసుకోండి.

ఆ ఏరియాలోనే ఉన్నాం కాబట్టి మొదటి ఆదివారం కల్వరి టెంపుల్‌కి వెళ్లాం. అమ్మకి టీవీలో తెలిసిన గుడి. 2005లో మొదలైన సంఘం, ఇప్పుడున్న పెద్ద మందిరం 2013 నుంచి నడుస్తోంది. దాన్ని 52 రోజుల్లో కట్టేశారని చెబుతారు. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది, కానీ ఆదివారం పొద్దున రైలు కోసం కాచుకునే ఓపిక లేక ఆటో ఎక్కాం. ఆటో అతన్ని దారి అడగాల్సిన పని పడలేదు. చంకలో బైబిలు పెట్టుకుని నడుస్తున్న జనం వెనకాలే పోనిచ్చాడు.

లోపలికి వెళ్లాక అమ్మ నా చెయ్యి వదల్లేదు. వేలాది కుర్చీలు, ఎటు చూసినా తెరలు. వాలంటీర్లు వరసలు నింపుకుంటూ వెళ్తున్నారు. అంతమంది ఒకేసారి పాట ఎత్తుకుంటే ఎలా ఉంటుందో టీవీలో తెలియదు, ఛాతీలో మోగుతుంది. రెండో చరణానికి అమ్మ కూడా చప్పట్లు కొట్టింది. మా ఊళ్లో అయితే అయ్యగారు చూస్తారేమోనని కొట్టదు. వాక్యం, అంటే ప్రసంగం, తేట తెలుగులో, వెనక వరసకి కూడా స్పష్టంగా వినిపించింది. ఒక ఆరాధన ముగిసి జనం బయటికి వస్తుంటే తర్వాతి ఆరాధనకి వచ్చినవాళ్లు అవతల ఎదురుచూస్తున్నారు. అంత జనంలోనూ తోపులాట లేదు, అది నిజంగా మెచ్చుకోవాలి.

బయటికొచ్చాక బాగుందా అని అడిగాను. "బాగుంది. మన తిరనాళ్లలాగా ఉంది" అంది. మెచ్చుకోలో కాదో నాకర్థం కాలేదు. కాసేపాగి, "ఏ ఊరని ఎవరూ అడగలేదే" అంది. అంత సముద్రంలో ఎవరు కొత్తో ఎవరు పాతో ఎవరికి తెలుస్తుందమ్మా అన్నాను. నాకు మాత్రం ఆ పొద్దు చాలా నచ్చింది. ఒంటరిగా వెళ్లుంటే మళ్లీ అక్కడికే వెళ్లేదాన్ని.

అదే రోజు సాయంత్రం నా ఆఫీస్ స్నేహితురాలి మాట విని ఐటీ కంపెనీల వైపు ఇంకోచోటికి తీసుకెళ్లాను. తప్పు నాదే. హాలంతా నల్ల గోడలు, రంగుల లైట్లు, స్టేజీ మీద పొగ. గుమ్మం దగ్గర టీషర్టు వేసుకున్న అమ్మాయి ఎంతో ప్రేమగా "వెల్‌కమ్ హోమ్ ఆంటీ" అంది. అమ్మ ఆగి, "మా ఇల్లు తెనాలి దగ్గరమ్మా" అని చెప్పింది. ఆ అమ్మాయి నవ్వి, క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు చేతిలో పెట్టి, వెనకున్న వాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. పాటలూ ప్రసంగమూ ఇంగ్లీషులోనే. కాఫీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. గంట తర్వాత చూస్తే అమ్మ నిద్రపోతోంది, ఆ డ్రమ్స్ మోతలో! నేను ఫారమ్‌లో నంబరు ఇచ్చిన పాపానికి నెల దాటినా వాట్సాప్‌లో పోస్టర్లు వస్తూనే ఉన్నాయి.

మంగళవారం ఆపరేషన్ అయింది. అరగంట పని. నల్ల కళ్లద్దాలు, చుక్కల మందు, తల వంచొద్దు, కంట్లో నీళ్లు పడనీయొద్దు. అక్కణ్ణుంచి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి మారాం, తిరుగు రైలు అక్కణ్ణుంచే కాబట్టి. పేరు రాయను కానీ ఎవరూ వెళ్లకూడదని మాత్రం రాస్తాను. ఫోన్‌లో "24 అవర్స్ మేడమ్" అన్నవాడు దిగాక పన్నెండింటి లెక్క చెప్పాడు, సగం రోజుకి అదనంగా 500 గుంజాడు. వేడినీళ్లు ఏడున్నరకల్లా బంద్. ఏసీ నుంచి కారే నీళ్లకి మంచం పక్కన బకెట్టు పెట్టారు. రాత్రి టప్ టప్ మంటుంటే అమ్మ లేచి అడుగున టవల్ వేసింది.

గురువారం చెకప్ నుంచి వస్తూ ఎస్డీ రోడ్డులో సెయింట్ మేరీస్ చర్చిలో కాసేపు కూర్చున్నాం. పంతొమ్మిదో శతాబ్దం కట్టడం, 2008లో బసిలికా అనే ప్రత్యేక హోదా వచ్చింది. మధ్యాహ్నం ఎండలో లోపల ఆ చల్లదనం, ఆ ఎత్తు కప్పు, దూరంగా హారన్లు. మమ్మల్ని ఎవరూ పలకరించలేదు, మాకూ ఆ పూట పలకరింపు అక్కర్లేదు. బొల్లారంలో ఎలిజబెత్ రాణి 1983లో వచ్చి వెళ్లిన హోలీ ట్రినిటీ చర్చి కూడా చూపిద్దామనుకున్నాను. "రాణీ ఉందా ఇప్పుడు?" అంది అమ్మ. మానేశాం.

రెండో ఆదివారం గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను మందిరం. గోల్కొండ కోట కాదు, ముషీరాబాద్ దగ్గర. ఆటోవాళ్లకి ఈ తేడా ముందే చెప్పండి. మెట్రోలో అయితే ముషీరాబాద్ స్టేషన్ దగ్గర. దాన్ని మొదలుపెట్టిన భక్త్ సింగ్ గారి పేరు అమ్మ చిన్నప్పుడే విన్నదట. పంజాబ్ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగ్ చదవడానికి విదేశాలకెళ్లి, కెనడాలో ఉండగా క్రీస్తుని నమ్మి, తిరిగొచ్చాక దేశమంతా తిరిగి సంఘాలు కట్టిన మనిషి. 2000 సెప్టెంబరులో హైదరాబాద్‌లోనే పోయారు. బెంచీలూ దొరల పద్ధతులూ పక్కనపెట్టి చాప మీద కూర్చోవడం, మన రాగాల్లో పాడుకోవడం, కలిసి భోంచేయడం ఆయన సంఘాల్లో మొదటినుంచీ ఉన్నవే.

చెప్పులు బయటే. ఎక్కడ విడిచారో గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నానికి అక్కడ చెప్పుల కొండ ఉంటుంది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లందరి తలమీదా కొంగు. నేను చున్నీ లేని కుర్తీలో వెళ్లాను. ముఖం చిన్నబుచ్చుకుని నిలబడేలోపే పక్కనున్న కాలేజీ పిల్ల తన సంచిలోంచి ఒక స్కార్ఫ్ తీసి, ఏమీ అనకుండా నా ఒళ్లో పెట్టింది.

నాకు టెన్షన్ అంతా అమ్మ మోకాళ్ల గురించి. ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి గోడవారగా వేసింది. అమ్మ కుర్చీ వంక చూసింది, కింద కూర్చున్న వందలమంది వంక చూసింది, వద్దంది. నల్ల కళ్లద్దాలు, తలమీద కొంగు, చేతిరుమాల్లో చుట్టిన బైబిలు, చాప మీద బాసింపట్టు! ఇరవై నిమిషాలకి కాళ్లు చాపింది. ముందున్న ఆవిడ వెనక్కి తిరగకుండానే నాలుగంగుళాలు జరిగి చోటిచ్చింది.

ఇక్కడ పుస్తకంలోని క్రమం ఉండదు. ఎవరో ఒకరు లేచి కృతజ్ఞత చెబుతారు, దాని చివర ఇంకొకరు పాట ఎత్తుకుంటారు, డోలక్ అందుకుంటుంది, హాలంతా అందుకుంటుంది. మొదట్లో అమ్మ ఇప్పుడేమిటి, తర్వాతేమిటి అని నన్ను గిల్లుతూనే ఉంది. తర్వాత గిల్లడం మానేసింది. క్రీస్తు జ్ఞాపకంగా అందరూ రొట్టె విరిచి పంచుకునే సమయానికి మాత్రం పళ్లెం దగ్గరికొస్తే పక్కకి అందించేసింది. "మా అయ్యగారి చేతిమీదే అలవాటు" అని తర్వాత నాతో చెప్పింది. పళ్లెం అందుకున్నావిడ మా వంక వింతగా చూడలేదు. పది దాటాక కూర్చున్నవాళ్లం లేచేసరికి రెండు కావొచ్చింది. పిల్లలతో వెళ్లేవాళ్లు మంచినీళ్లు, బిస్కెట్లు పెట్టుకోండి. నిజం చెప్పాలంటే వాక్యంలో రెండో గంట నాకు బరువుగానే గడిచింది.

లేవడం దగ్గర చిక్కొచ్చింది. అమ్మ కాళ్లు తిమ్మిరెక్కి కదల్లేదు, తల వంచకూడదు. నేను ఒక్కదాన్నే లాగుతుంటే ఇద్దరు వచ్చి చెరో రెక్క కిందా చెయ్యేసి, "తొందర లేదు పెద్దమ్మా" అంటూ లేపారు. ఒకావిడ కూర్చుని అమ్మ పిక్కలు నొక్కింది. అమ్మ సిగ్గుపడిపోయి "చాల్లెండమ్మా, చాల్లెండి" అంటోంది.

ఆ తర్వాత ప్రేమ విందు. వరసలుగా కూర్చోబెట్టి అన్నం, సాంబారు, ఒక కూర. పెళ్లిభోజనం కాదు, ఉప్పు కాస్త ఎక్కువే. బకెట్టుతో వచ్చిన పెద్దాయన "ఇంకింత ఏస్కో అవ్వా, మొహమాటపడకు" అంటూ వద్దనేలోపే వేసేశాడు. కుర్చీ తెచ్చిన ఆవిడ పక్కన కూర్చుని అడగనే అడిగింది, "ఏ ఊరు పెద్దమ్మా?" అని. కొల్లిపర అవతలంటే, ఆవిడ పుట్టిల్లు దుగ్గిరాలట. ఇక చూసుకోండి. పసుపు ధర, కాలవకి నీళ్లు, ఎవరి మేనత్తని ఎవరికి ఇచ్చారు, ఏ ఊరి గుడికి కొత్త గంట తెచ్చారు. అమ్మ కంచంలో అన్నం ఆరిపోయింది. నేను చేతులు కడుక్కుని, స్కార్ఫ్ ఇచ్చేసి, చెప్పులు వెతికి తెచ్చుకుని వచ్చినా వాళ్లింకా దుగ్గిరాల్లోనే ఉన్నారు.

కళ్లలో చుక్కలు వేసే టైము దాటి ముప్పావుగంట అయిందని గుర్తుచేస్తే ఆవిడే అమ్మ గడ్డం పట్టుకుని తల పైకెత్తింది, నేను వేశాను.

సోమవారం రైల్లో అమ్మ ఆరు నెలల తర్వాత రెండో కంటికి రావాలి కదా అని మొదలుపెట్టింది. ఈసారి ఆ టప్ టప్ లాడ్జి వద్దు, గది ముషీరాబాద్ వైపే చూడమంది, కింద అంతస్తులో. మోకాలి పట్టీ ముందే కొనిపెట్టమంది.