ప్లేటు మీది చుక్క, స్లైడ్‌లోకి దిగిన చుక్క: ఆరేళ్ల వాడకం తరువాత

నా ఫిర్యాదంతా పిస్టల్ మీది రెడ్ డాట్ సైటు (గురి కోసం చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపే పరికరం) కింద ఉండే అడాప్టర్ ప్లేటు మీదనే. రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉండే ఆ అల్యూమినియం ముక్క వల్ల ఒక పోటీ పోగొట్టుకున్నాను. అంతకన్నా బాధాకరమైన సంగతేమిటంటే, దానికి ముందు దాదాపు మూడు నెలల పాటు తప్పంతా నా చూపుడువేలిదేనని నమ్మి, లేని లోపాన్ని సరిదిద్దుకుంటూ గడిపాను. ఈ మధ్య విశాఖ నుంచి అమెరికా వెళుతున్న మా బంధువుల పిల్లలు ఇద్దరు ముగ్గురు పిస్టల్ పోటీల గురించి, రెడ్ డాట్ సైట్ల గురించి నన్ను అడుగుతున్నారు. ఏ సైటు కొనాలన్నదే అందరి ప్రశ్న. దాన్ని స్లైడ్‌కు, అంటే కాల్చినప్పుడు ముందుకూ వెనక్కీ కదిలే పిస్టల్ పైభాగానికి, ఎలా బిగించాలన్న సంగతి ఎవరూ అడగడం లేదు కాబట్టి, అడగని ఆ సంగతి గురించే ఇక్కడ రాస్తున్నాను.

2018 నుంచి 2024 వరకు డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తూ యు.ఎస్.పి.ఎస్.ఏ. (అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీల్లో క్యారీ ఆప్టిక్స్ విభాగంలో కాల్చాను. ఈ విభాగంలో సైటు స్లైడ్ మీదనే ఉండాలన్నది నియమం, పిస్టల్ ఫ్రేముకు (పిడి ఉన్న కదలని భాగానికి) బిగించడానికి వీలులేదు. అందువల్ల నా ముందు ఉన్న దారులు రెండే. ఒకటి, స్లైడ్ మీద కంపెనీ ముందే చెక్కి ఇచ్చిన పల్లంలో అడాప్టర్ ప్లేటు కూర్చోబెట్టి, ఆ ప్లేటు మీద సైటు బిగించడం. రెండోది, సైటు అడుగు కొలతకు సరిగ్గా సరిపోయేలా స్లైడ్‌నే మిల్లింగ్ చేయించి (యంత్రంతో గాడి చెక్కించి), మధ్యలో ప్లేటు లేకుండా నేరుగా దించడం. మొదటి పద్ధతిలో ఏడాదిన్నర, సుమారు తొమ్మిది వేల తూటాలు. రెండో పద్ధతిలో నాలుగేళ్లకు పైగా, ఇరవై వేల పైచిలుకు.

ప్లేటుతో మొదటి ఆరు నెలలు నాకు ఏ ఇబ్బందీ లేదు. అప్పట్లో మిత్రులకు ఆ ప్లేటును నేనే సిఫారసు చేశాను. స్లైడ్‌ను కోయించే పని లేదు, నెలల తరబడి ఎదురుచూడనక్కరలేదు, రేపు వేరే సైటు కొంటే ప్లేటు మారిస్తే సరిపోతుంది. ఈ మాటలన్నీ నిజమే, ఇప్పటికీ వాటిని వెనక్కి తీసుకోను. అయితే అప్పుడు నేను లెక్కపెట్టని విషయం ఒకటుంది. ప్లేటు పెడితే అతుకులు రెండవుతాయి, స్క్రూలు నాలుగవుతాయి. స్లైడ్‌కూ ప్లేటుకూ మధ్య రెండు, ప్లేటుకూ సైటుకూ మధ్య రెండు. ఏ ఒక్కటి వదులైనా చుక్క కదులుతుంది, కానీ ఏది వదులైందో పైనుంచి చూస్తే తెలియదు.

2019 వేసవి చివరి నుంచి నా తూటాలు ఎడమకు, కొద్దిగా కిందికి పడటం మొదలైంది. కుడిచేతి వాటం వాళ్లకు అలా పడితే ట్రిగ్గర్‌ను కుదుపుతున్నారనే ఎవరైనా చెబుతారు. నేను కూడా అదే నమ్మి రోజూ రాత్రి అరగంట ఖాళీ పిస్టల్‌తో సాధన చేశాను. ఆదివారం రేంజికి వెళ్లి మళ్లీ జీరో చేసుకుంటే (చుక్క ఉన్నచోటే తూటా పడేలా సైటును సరిచేసుకుంటే) ఆ పూటకు బాగానే ఉండేది, వారం తిరిగేసరికి మళ్లీ ఎడమకే. అక్టోబరులో జరిగిన పోటీలో రెండో స్టేజిలో (అంచెలో) దూరంగా ఉన్న ఉక్కు పాపర్ (తగిలితే పడిపోయే లక్ష్యం) మీద వరుసగా నాలుగు తప్పిపోయాయి. అయిదోసారి గురిపెట్టినప్పుడు చుక్క అద్దంలో ఒక మూల వణుకుతూ కనిపించింది. ఆ తరువాత రెండో తూటాకు సైటు ముందు భాగం పైకి లేచి, ఒక్క స్క్రూ ఆధారంగా పక్కకు వాలిపోయింది. ఈ ఆటలో సొంత పరికరం చెడిపోతే మళ్లీ కాల్చే అవకాశం ఇవ్వరు. కాల్చని ప్రతి లక్ష్యానికీ పది మార్కులు కోత పడుతుంది. ఆ స్టేజిలో నాకు మిగిలింది సున్నా.

ఇంటికి వచ్చి విప్పి చూస్తే, సైటును ప్లేటుకు పట్టి ఉంచే రెండు స్క్రూలలో ఒకటి మధ్యకు తెగిపోయి ఉంది. నిజం చెప్పాలంటే నేను వెంటనే సైటు కంపెనీని తిట్టుకున్నాను. ఆ రాత్రి మా మేనమామకు వీడియో కాల్ చేయకపోయి ఉంటే అదే నమ్మకంతో ఇంకో సైటు కొని, అదే ప్లేటు మీద బిగించి ఉండేవాడిని. మామయ్య సింధియా దగ్గరి షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. తుపాకీ ఎన్నడూ ముట్టుకోలేదు, ఓడ ఇంజన్లను మాత్రం ముప్పై ఏళ్లు కూర్చోబెట్టారు. కథంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "స్క్రూలు తీసేసి ఆ సైటును ఉత్తినే ప్లేటు మీద పెట్టి, బొటనవేలితో ముందుకీ వెనక్కీ నెట్టి చూడు, కదులుతాదా?" అని. నెట్టాను. కదిలింది. చెవికి వినబడేంత స్పష్టంగా టిక్కుమంది.

"అదే మరి. స్క్రూ పని పట్టుకోవడం వరకేరా అల్లుడూ, ఆపడం దాని పని కాదు. ఆపడానికి వేరే ఏదో ఉండాల," అన్నారు మామయ్య. ఓడలో ప్రధాన ఇంజను పక్కలకు జరగకుండా పక్క చాక్‌లు (అడ్డు దిమ్మలు), ముందుకు వెనక్కి జరగకుండా ఎండ్ చాక్‌లు ఉంటాయనీ, హోల్డింగ్ డౌన్ బోల్టులు ఇంజనును కిందికి అదిమి పట్టడానికేననీ, అడ్డంగా వచ్చే తోపును బోల్టే మోయవలసి వస్తే అందుకోసం రంధ్రాన్ని రీమరుతో సరిచేసి, సందు లేకుండా ఫిట్టెడ్ బోల్టు దించుతారనీ వివరించారు. పిస్టల్ మీద జరిగేది కూడా ఇదే. తూటా పేలిన ప్రతిసారీ స్లైడ్ వేగంగా వెనక్కి వెళ్లి ఠక్కున ఆగుతుంది, మళ్లీ ముందుకు దూకి ఇంకోసారి ఠక్కున ఆగుతుంది. ముప్పై గ్రాముల పైచిలుకు బరువున్న సైటు మాత్రం రెండుసార్లూ తాను వెళుతున్న దిక్కుకే ఇంకా సాగిపోవాలని చూస్తుంది. ఆ తోపును మోయవలసింది ప్లేటు మీద పొడుచుకు వచ్చిన రెండు చిన్న దిమ్మలు. సైటు అడుగున ఉన్న గుంటల్లో అవి బిగుతుగా కూర్చోవాలి. నా ప్లేటులో అవి వదులుగా ఉన్నాయి. మామయ్య చెప్పినట్టు ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని ఉక్కు ఆకుల కట్ట) తెచ్చి చూస్తే 0.1 మి.మీ. ఆకు సులువుగా దూరింది. అంటే ఏడాదిన్నరగా ఆ దెబ్బంతా మూడున్నర మిల్లీమీటర్ల స్క్రూలే తిన్నాయి.

పదోవంతు మిల్లీమీటరు ఏపాటిదని అనిపించవచ్చు. సైటు అడుగు పొడవు సుమారు 40 మి.మీ. ఉంటుంది. ఒక చివర 0.1 మి.మీ. పక్కకు తిరిగితే 25 మీటర్ల దూరంలో గురి ఆరు సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. మా అట్ట లక్ష్యం మీద ఏ-జోన్ (ఎక్కువ మార్కులు వచ్చే నడిమి భాగం) వెడల్పు 15 సెంటీమీటర్లే కాబట్టి, నడిమధ్యకు గురిపెట్టినది అంచు దాకా జరిగిపోతుంది. మూడు నెలలు నా వేలి మీద మోపిన నేరం అసలు ఈ సందుది.

ఆ డిసెంబరులో విశాఖ వచ్చినప్పుడు తెగిన స్క్రూ ముక్కలను ఒక మందుబిళ్లల డబ్బాలో వేసుకుని వచ్చాను. శ్రీహరిపురంలో తన ఇంటి వరండాలో మామయ్య వాటిని భూతద్దం కింద పెట్టి నాకు చూపించారు. తెగిన ముఖం మీద ఒక అంచు నుంచి మొదలై లోపలికి వరుసగా వంపు గీతలు ఉన్నాయి, ఆటు వెనక్కి తీసినప్పుడు భీమిలి ఇసుక మీద మిగిలే గీతల లాగా. లోహశాస్త్రంలో కూడా వీటిని బీచ్ మార్కులు అనే అంటారు. ఒక్క దెబ్బకు తెగిన లోహం మీద ఇవి ఉండవు. పగులు మొదలై, దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెంగా పాకి, చివరికి మిగిలిన సన్నని భాగం తెగిపోయినప్పుడే ఏర్పడతాయి. పోటీ రోజున తెగిన స్క్రూ నిజానికి ఎన్నో వారాల కిందటే తెగడం మొదలుపెట్టిందన్నమాట. నా సైటుకు బ్యాటరీ అడుగున ఉండేది కాబట్టి, దాన్ని మార్చిన ప్రతిసారీ సైటు విప్పి, పాత స్క్రూలనే మళ్లీ వాడి, ఎల్ ఆకారపు కీతో చేతి అంచనాకు బిగించాను. దిమ్మల్లో సందు కంపెనీ తప్పయితే, ఇది నా తప్పు.

తిరిగి వెళ్లాక 2020 మొదట్లో స్లైడ్‌ను ఒక మిల్లింగ్ షాపుకు పంపాను. ఏడు వారాలు పట్టింది. తిరిగి వచ్చిన రోజు స్క్రూలు లేకుండానే సైటును ఆ గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కవలసి వచ్చింది. కూర్చున్నాక ఎటు నెట్టినా కదలలేదు, టిక్కుమనలేదు. స్లైడ్ తలకిందులు చేసినా సైటు జారిపడలేదు. ఆ క్షణంలో కలిగిన తృప్తి నాకు పోటీల్లో కూడా అరుదుగా కలిగింది. ఆ తరువాత నాలుగేళ్లలో నేను జీరోను సరిచేసింది వేళ్ల మీద లెక్కపెట్టగలను. బ్యాటరీ కోసం విప్పి మళ్లీ బిగించినప్పుడు ఒకటి రెండు క్లిక్కులు, అంతే. నేను ఊహించని లాభం ఇంకొకటి, ప్లేటు మందం పోవడంతో సైటు కిందికి దిగి, పిస్టల్ ఎత్తగానే చుక్క కంటికి తొందరగా దొరకడం.

ఇంతవరకు చదివి అందరూ స్లైడ్ కోయించుకోవాలని నేను చెబుతున్నట్టు భావించవద్దు. నేను ఒకేసారి రెండు మార్పులు చేశాను. మిల్లింగ్ చేయించిన రోజు నుంచే టార్క్ స్క్రూడ్రైవర్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచేది) కొని, నా సైటుకు తయారీదారు చెప్పిన 12 ఇంచ్-పౌండ్లకు, అంటే సుమారు 1.36 న్యూటన్ మీటర్లకు బిగించడం, మరలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి నూనె జాడ లేకుండా చేయడం, నీలి రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేసి ఒక రోజంతా ఆరనివ్వడం, స్క్రూ తల మీదుగా సైటు మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీసి ప్రతి పోటీకి ముందు ఆ గీత విరిగిందేమో చూసుకోవడం మొదలుపెట్టాను. వీటిలో ఎంత పుణ్యం గాడిది, ఎంత పుణ్యం ఈ జాగ్రత్తలది అన్నది నేను విడదీసి చెప్పలేను. మాతో కాల్చే తెనాలి కుర్రాడు ఒకడు ఉక్కుతో చేసిన, దిమ్మలు బిగుతుగా ఉన్న వేరే ప్లేటు తెప్పించుకుని, ఇవే జాగ్రత్తలతో పది వేల తూటాలు కాల్చాడు. అతని చుక్క ఎన్నడూ కదలలేదు. కాబట్టి ప్లేటు పద్ధతిని మొత్తంగా నిందించలేను. సందున్న ప్లేటునే నిందిస్తాను.

గాడికి తనదైన బంధం కూడా ఉంది. మూడో ఏడు చివర సైటులోని ఎల్.ఇ.డి. పనిచేయడం మానేసింది. అప్పటికి పెద్ద అద్దం ఉన్న సైట్లు వచ్చాయి, నాకు ఒకటి మీద మనసు ఉండేది. దాని అడుగు కొలత వేరు కావడంతో నా గాడిలో పట్టలేదు, మళ్లీ పాత రకమే కొన్నాను. పైగా గాడి మూలలో పూత లేచి, లోపల ఒక చోట తుప్పు చుక్క పడింది. సముద్రానికి దూరంగా ఉన్న డాలస్‌లో అది అక్కడితో ఆగింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉన్నవారు మిల్లింగ్ చేయించగానే పూత కూడా తిరిగి వేయించుకోవడం తప్పనిసరి. గాజువాకలో మా కిటికీ ఊచలకు ఏటా రంగు వేసే వాడిగా ఈ మాట చెబుతున్నాను.

ఓపెన్ అనే మరో విభాగంలో సైటు ఎక్కువగా ఫ్రేముకు బిగిస్తారు, స్లైడ్ దాని కింద ముందుకు వెనక్కి ఆడుతుంది, సైటు మాత్రం దానితో పాటు పరుగెత్తదు. ఒక మిత్రుడి పిస్టల్‌తో రెండు పూటలు కాల్చాను. చుక్క నిలకడ చూసి ఆశ్చర్యపోయాను, సైటుకు తగిలే దెబ్బ తక్కువన్నది కూడా నిజమే. రెండు పూటల పరిచయంతో అంతకుమించి చెప్పడం న్యాయం కాదు.

నేను ఇప్పుడు నాన్నగారి ఆరోగ్యం కోసం విశాఖలోనే ఉంటున్నాను. అక్కడి పోటీల్లో వాడే 9 ఎం.ఎం. పిస్టల్ మన దేశంలో నిషిద్ధ బోరు (సాధారణ పౌరులకు అనుమతించని గొట్టం కొలత) కిందికి వస్తుంది. ఒలింపిక్ తరహా పిస్టల్ పోటీల్లో ఆప్టికల్ సైట్లకు అనుమతి లేదు, అక్కడ మామూలు ఇనుప సైట్లే. అందుచేత ఇక్కడి పిల్లలకు నా అనుభవం నేరుగా ఉపయోగపడదు. అమెరికా వెళ్లే వారికి మాత్రం నా సలహా, నా పరిస్థితులకు లోబడి, ఇది. ఒకే విభాగంలో, ఒకే సైటుతో నాలుగైదేళ్లు కాలుస్తామని తెలిస్తే గాడి. అది తెలియని మొదటి ఏడాది బిగుతైన ఉక్కు ప్లేటు. ఏది తీసుకున్నా, స్క్రూలు పెట్టకముందే బొటనవేలితో ఒకసారి నెట్టి చూడాలి. వచ్చే నెల డాలస్ వెళుతున్న మా పెద్దమ్మ మనవడికి టార్క్ డ్రైవర్ అక్కడే కొనుక్కోమన్నాను. ఫీలర్ గేజ్ మాత్రం మామయ్య తన పెట్టెలోంచి తీసి, నూనె గుడ్డతో తుడిచి, వాడి చేతిలో పెట్టారు.